హాలిస్ చేతులూపిన పొద్దు

కరీబియన్ సముద్రంలోని బెక్వే దీవిలో విహారానికి పడవ కావాలని రేవులో ఎవర్ని అడిగినా గ్లెనోరా కిడ్ వైపే వేలు చూపించేవారు. "ఆవిడ పడవెక్కితే చెప్పిన వేళకి చేరతారు, చెప్పిన వేళకి తిరిగొస్తారు. ఇక తిండి సంగతంటారా, దిగేటప్పటికి మీ బట్టలు మీకు బిగుతవుతాయి" అనేది రేవు మెట్ల మీద కొబ్బరి రొట్టెలమ్మే ముసలమ్మ.

ఆ పేరు ఊరికే రాలేదు. గ్లెనోరా పడుచు వయసులో పరాయివాళ్ల తెరచాప పడవల్లో వంటమనిషిగా చేరింది. చేపలు వేయిస్తూనే గాలి ఎప్పుడు మొండికేస్తుందో, తెరచాప ఎప్పుడు దించాలో ఓరకంట చూసి నేర్చుకుంది. పొయ్యి దగ్గర్నుంచి చుక్కాని దగ్గరికి నాలుగడుగులే. ఆ నాలుగడుగులు వెయ్యడానికి ఆమెకు సగం వయసు ఖర్చయింది. పడవ నడిపే లైసెన్సు పరీక్షకు వెళ్లిన రోజున గదిలో ఉన్న మగవాళ్లు ఆమెను టీ తెచ్చిన మనిషి అనుకున్నారు. తర్వాత ఒక తుఫానుకు డొక్క చీలి, ఇసుకలో కూరుకుపోయిన కాటమరాన్ ఒకటి ఆమె కంటబడింది. రెండు సన్నటి పొట్టలు, వాటి నడుమ ఇంటి అరుగంత వేదిక, మధ్యలో ఒక పొడుగాటి తెరచాప కొయ్య. సొంతదారు దాని మీద ఆశ వదిలేసుకున్నాడు. గ్లెనోరా తమ్ముణ్ణి సాయం పెట్టుకుని ఏళ్ల తరబడి గీకి, అతుకులేసి, రంగులద్ది దాన్ని నీళ్లలోకి దించింది. 'గ్రేషియస్' అని పేరు పెట్టింది.

దాన్ని నీళ్లలోకి దించిన రోజు అందరికన్నా గట్టిగా నవ్వినవాడు హాలిస్ బైనో. దీవికి అవతలి పక్క పల్లె పేజెట్ ఫార్మ్‌లో ఉండే జాలరి. పెళ్లి చేసుకోలేదు. అక్క ఇస్మే వండిపెడుతుంటే, తల్లి పేరు పెట్టుకున్న పచ్చ పడవ ఆల్వినా మీద తెల్లారకముందే సముద్రంలోకి పోయేవాడు. మనిషి పొడుగు, నోరు అంతకన్నా పొడుగు. జంట పొట్టలతో ఊగుతూ పోయే కాటమరాన్ వాడి కంటికి బాతులా కనిపించింది.

"ఏమే గ్లెనోరా! నీ బాతు గుడ్లు పెట్టడం మొదలెట్టిందా?" అని నీళ్ల మీద ఎదురైనప్పుడల్లా అరిచేవాడు. పడవలో లేచి నిలబడి రెండు చేతులూ రెక్కల్లా ఆడించి, క్వాక్ క్వాక్ మని గంతులేసేవాడు.

"పెట్టింది, నీ నెత్తిన పగలగొడతా రా!" అని గ్లెనోరా కూడా నవ్వుతూ తిట్టేది. ఆమె పడవెక్కినవాళ్లకు అదో వేడుక.

ఆ వేడుక కిందటి ఈస్టర్ ముందు చెడింది. హాలిస్ చేపల కోసం నీటి అడుగున దించిన తీగ బుట్ట తాడు గ్రేషియస్ ఇంజను రెక్కకు చుట్టుకుంది. పడవ నిండా మనుషులు, ముందు రాళ్లు. గ్లెనోరా కత్తి తీసి తాడు కోసేసింది. బుట్ట అడుగునే ఉండిపోయింది. మర్నాడు హాలిస్ రేవుకు వచ్చి, ఆమె విందుకు పిలిచిన విహారుల ఎదుటే గొంతెత్తాడు. "నీ బాతుకి కళ్లు లేకపోతే ఒడ్డునే కట్టేసుకో. కష్టపడి అల్లుకున్న బుట్టే అది!" అన్నాడు. "సముద్రం మీ అబ్బ రాసిచ్చాడా నీకు? దారిలో తాళ్లు పరుస్తావేం?" అంది గ్లెనోరా. అంతే, మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా నీళ్ల మీద ఎదురైతే హాలిస్ చేతులాడించేవాడు. కాని అందులో నవ్వు లేదు. గ్లెనోరా మొహం తిప్పుకునేది.

ఇలా ఉండగా పక్క దీవిలో ఉన్న కింగ్స్‌టౌన్ నుంచి నర్సులు కబురు చేశారు. వాళ్ల మేట్రన్, అంటే ఆసుపత్రి పెద్ద నర్సు, మిస్ అయాంథి ఉద్యోగం నుంచి దిగిపోతోంది. ఆవిడకు ఒక రోజు సంబరం చెయ్యాలని వాళ్ల కోరిక. ఫోనులో మాట్లాడిన నర్సు బెరిల్ అనే ఆవిడ గలగలా మాట్లాడే మనిషి.

"పడవంతా మాకే కావాలమ్మా. పరాయి పురుగు ఉండకూడదు. మా మేట్రన్‌గారు జీవితంలో గట్టిగా నవ్వగా మేం చూళ్లేదు. ఆవిడ సిగ్గు విడిచి నవ్వే చోటు కావాలి మాకు."

"ఆవిడకి ఏమిష్టం?"

"తాబేళ్లట! వార్డు కిటికీలోంచి ముప్పయ్యేళ్లు సముద్రం చూసిందిగాని, అందులో ఏముందో చూళ్లేదట. తాబేలు ఈదుతుంటే పక్కన తనూ ఈదాలట. నవ్వకమ్మా, నిజం."

గ్లెనోరా నవ్వలేదు. దక్షిణాన కేస్ దీవుల దగ్గర నీటి గడ్డి మేసే తాబేళ్లు ఆమెకు ఇంటి కోళ్లంత తెలుసు. అయితే మధ్యాహ్నమైతే మిగతా పడవలన్నీ చేరి నీళ్లు కలిచేస్తాయి, తాబేళ్లు లోతుకు పోతాయి. పొద్దు నడినెత్తికి రాకముందే చేరాలి. "నేను చూపిస్తాను. మాట" అంది.

ఆ పొద్దున నర్సులు పది పన్నెండు మంది, రంగురంగుల టోపీలతో, డబ్బాల నిండా పిండివంటలతో ఎక్కారు. ఎక్కుతూనే పాట అందుకున్నారు. మిస్ అయాంథి మాత్రం తెల్లటి చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, డాక్టరు కోసం ఎదురుచూస్తున్నట్టు నిటారుగా కూర్చుంది.

"మేట్రన్‌గారూ, ఆ సంచి ఎవరూ ఎత్తుకుపోరు. ఇక్కడ దొంగలంటే మేమే" అంది బెరిల్.

"అందుకే పట్టుకున్నాను" అంది మిస్ అయాంథి. అందరూ ఘొల్లుమన్నారు.

గాలి ఎడమ నుంచి నిండుగా వీస్తోంది. గ్రేషియస్ దక్షిణానికి పరుగందుకుంది. లోపల ఆమె సహాయకుడు ఆస్బర్ట్ చేపలు వేయిస్తున్నాడు, కాల్చిన సీమపనస వాసన పైకి వస్తోంది. కానవాన్ దీవి కొండలు కనుచూపులోకి వచ్చే వేళకు కుడివైపు దూరంగా, గాలి పోయే దిక్కున, నీళ్ల మీద పచ్చటి చుక్క ఒకటి కనిపించింది. ఆ పచ్చ ఆమెకు తెలుసు.

గ్లెనోరా దుర్భిణీ కళ్లకు పెట్టుకుంది. హాలిస్ పడవలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పక్కలకు చాపి, పైకెత్తి, కిందికి దించుతున్నాడు. మళ్లీ ఎత్తుతున్నాడు. మెల్లగా. గంతుల్లేవు. పడవ వెనక ఇంజను నీళ్లలోంచి పైకెత్తి ఉంది. పడవ వెనక నురగ గీత లేదు. అల ఎటు తోస్తే ముక్కు అటు తిరుగుతోంది.

సముద్రం మీద తిరిగే ఎవరికైనా ఆ సైగకు అర్థం ఒకటే: ఆపదలో ఉన్నాను, రండి. గ్లెనోరా ఒక చెయ్యి చుక్కాని మీదికి పోయింది. కాని ఆ వెనకే రెండో ఆలోచన వచ్చి కూర్చుంది. వీడికిది అలవాటే. బాతును వెక్కిరిస్తున్నాడు. నేను పరిగెత్తుకుంటూ వెళితే, ఈ మర్యాదస్తులందరి ఎదుట మళ్లీ బుట్ట సంగతి ఎత్తి నా పరువు తీస్తాడు. పైగా అటు దిగితే మళ్లీ గాలికి ఎదురెక్కి రావాలి. తాబేళ్లు పోతాయి. ఇచ్చిన మాట పోతుంది.

"కెప్టెన్ అమ్మా" అంది పక్కనుంచి ఒక గొంతు. మిస్ అయాంథి కమ్మీ పట్టుకుని లేచి నిలబడి ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తోంది. "ఆ అబ్బాయి మనల్ని పిలుస్తున్నాడా?"

గ్లెనోరా దుర్భిణీ దించింది. "అబ్బే, లేదండీ. వాడు మావాడే. పలకరిస్తున్నాడు. మీరూ చెయ్యూపండి."

ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో ఆమెకే తెలుసు. నర్సులందరూ కమ్మీ దగ్గరకు చేరారు. టోపీలు తీసి ఊపారు, తువ్వాళ్లు ఊపారు, ముద్దులు విసిరారు. "ఓ అందగాడా! పెళ్లయిందా?" అని బెరిల్ అరిచింది. మిస్ అయాంథి కూడా, ముందు కొంచెం మొహమాటంగా, తర్వాత చెయ్యి పూర్తిగా ఎత్తి ఊపింది. ఎవరో ఫొటో తీశారు. పచ్చ చుక్క వెనకపడి, అలల్లో కలిసిపోయింది.

తాబేళ్లు ఉన్నాయి. మిస్ అయాంథి ఈత చొక్కా తొడుక్కుని నీళ్లలోకి దిగి, తన పక్కనే ముసలి తాబేలు ఒకటి తీరిగ్గా గడ్డి కొరుకుతుంటే చూసి, తల పైకెత్తి నోట్లో నీళ్లు పోయేంతగా నవ్వింది. నర్సులు ఏడ్చారు. గ్లెనోరా చేతిలో పళ్లెం పెట్టుకుని ఒక్క ముద్ద మింగలేకపోయింది. "ఒంట్లో బాలేదా, కెప్టెన్?" అన్నాడు ఆస్బర్ట్. "ఎండ" అంది.

తిరుగు దారిలో ఆమె ఆ నీళ్లన్నీ కళ్లతో గాలించింది. ఏమీ లేదు. ఇంజను బాగు చేసుకుని ఇంటికి పోయుంటాడు అనుకుంది. ఆ అనుకోవడం ఎంత హాయిగా ఉందంటే, రేవు కనిపించేసరికి ఆమె కూడా నర్సుల పాటలో గొంతు కలిపింది.

రేవు మెట్ల మీద ఇస్మే నిలబడి ఉంది. కట్టుకున్న వంట గుడ్డ విప్పకుండానే పేజెట్ ఫార్మ్ నుంచి వచ్చేసినట్టుంది. ఒడ్డుకు చేరిన ప్రతి పడవనూ అడుగుతోంది.

"గ్లెనోరా, మావాడు కనిపించాడా నీకు? తెల్లారగట్ల పోయినవాడు ఇంకా రాలేదు."

గ్లెనోరా నోరు విప్పేలోగా బెరిల్ అందుకుంది. "పచ్చ పడవ అబ్బాయా? చూశామమ్మా! మాకు చేతులూపాడు, మేమూ ఊపాం. నిక్షేపంలా ఉన్నాడు!"

ఇస్మే కళ్లు గ్లెనోరా వైపు తిరిగాయి. ఆ ఒక్క క్షణం ఎంత వెడల్పుగా తెరుచుకుని ఉందో! నిజం చెప్పడానికి అందులో బోలెడు చోటుంది. నర్సులు ఒకళ్లనొకళ్లు కావలించుకుంటున్నారు. మిస్ అయాంథి ఆమె చెయ్యి పట్టుకుని, "ఈ రోజుని నేను చచ్చిపోయేదాకా దాచుకుంటానమ్మా" అంటోంది.

"కానవాన్ వైపు పోతున్నట్టున్నాడు అక్కా" అంది గ్లెనోరా.

ఇస్మే భుజాలు దిగాయి. "అయితే సరే. అక్కడ వాడి తాగుబోతు నేస్తం ఒకడున్నాడు. పడి నిద్దరోతుంటాడు. రేపు రానీ, చీపురు విరగ్గొడతా" అని తిట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆమె మాట విని, వెతకడానికి బయల్దేరబోతున్న జాలర్లు కూడా పడవలు కట్టేసుకున్నారు.

తెల్లారేసరికి కానవాన్ నుంచి జవాబు వచ్చింది. హాలిస్ అక్కడికి రానేలేదు.

ఆ రోజు గ్రేషియస్‌కు వేరే బేరం ఉంది. గ్లెనోరా వాళ్లను ఇంకో పడవకు అప్పజెప్పి, ఆస్బర్ట్‌ను తీసుకుని పేజెట్ ఫార్మ్ ఒడ్డుకు వచ్చింది. జాలర్లు ఇంజన్లలో నూనె పోస్తున్నారు. ఎవరు ఏ దిక్కుకు పోవాలో వాదించుకుంటున్నారు. కానవాన్ దక్షిణాన వెతకాలని ఒకరు, తూర్పున రాళ్ల దగ్గర వెతకాలని ఒకరు.

"పడమటికి" అంది గ్లెనోరా. "నేను చూసేటప్పటికి ఇంజను పైకెత్తి ఉంది. కొట్టుకుపోతున్నాడు."

  వాళ్లలో పెద్దవాడు నూనె డబ్బా కింద పెట్టి, కోపం లేకుండానే అడిగాడు. "ఇంజను ఎత్తి ఉన్నవాడు కానవాన్ ఎట్టా పోతున్నాడమ్మా?"

గ్లెనోరాకు నేల నోరు తెరిచి తనను మింగేస్తే బాగుండుననిపించింది. ఎవరూ ఆమెను తిట్టలేదు. ఇస్మే మాత్రం మనుషుల్ని తోసుకుంటూ వచ్చి, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, గ్రేషియస్ నిచ్చెన పట్టుకుంది.

"పద. ఎక్కడ చూశావో అక్కడికి తీసుకెళ్లు."

ఆ రోజంతా ఇస్మే పడవ ముందు భాగంలో కూర్చుని, కళ్లార్పకుండా నీళ్లు చూసింది. ఆస్బర్ట్ ఇచ్చిన రొట్టె ముట్టలేదు. టోపీ ఇస్తే పక్కన పెట్టింది. నీటి మీద తేలే నాచు ముద్ద ప్రతిదీ మనిషి తలలా కనిపించి, దగ్గరికి వెళితే నాచై పోయేది. గ్లెనోరా చుక్కాని దగ్గర నిలబడి, ఆ వీపునే చూస్తూ పడవ నడిపింది. నిన్నటి చోటికి వచ్చాక, "ఇక్కడే" అంది. అక్కడ నీళ్లు మిగతా నీళ్లలాగే ఉన్నాయి.

ఇస్మే వెనక్కి తిరగకుండానే అడిగింది. "చేతులూపాడా, పిలిచాడా?"

తేలు కుట్టిన దొంగలా ఇంకెంతసేపు నోరు మూసుకోగలదు? "పిలిచాడక్కా" అంది గ్లెనోరా.

"నీకు తెలుసా?"

"తెలుసు. తెలీనట్టు అనుకున్నాను."

ఇస్మే తల ఊపింది. ఏడవలేదు. "ఇంకాస్త పడమటికి పోనీ" అంది.

పడమటికి పోయారు. మర్నాడూ పోయారు, ఆ మర్నాడూ. తీర రక్షకుల పడవ వెతికింది, ఎవరిదో చిన్న విమానం వెతికింది. గుడిలో ప్రార్థనలు మొదట బతికి రావాలని, తర్వాత ఒళ్లయినా దొరకాలని మారాయి. గ్లెనోరా ప్రార్థనలో వెనక వరుసలో కూర్చునేది. పాదిరి పాపం అన్న మాట పలికితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

ఆశ అందరూ వదిలేశాక కబురు వచ్చింది. ఎక్కడో నడి కరీబియన్‌లో ఒక సరుకుల ఓడ హాలిస్‌ను పైకి లాగిందట. వర్షపు నీళ్లు డబ్బాలో పట్టుకుని, పచ్చి చేప నమిలి బతికాడట. ఓడ తన దారిన పోయి పోయి ఏదో దూరదేశపు రేవులో దించింది. అక్కడి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేసరికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. ఆల్వినాను మాత్రం ఓడవాళ్లు ఎక్కించుకోలేకపోయారు. తల్లి పేరున్న ఆ పడవ అలా ఖాళీగా తేలుకుంటూ పోవడం హాలిస్ ఓడ పైనుంచి చూశాడు.

పేజెట్ ఫార్మ్ అంతా రోడ్డు మీదికి వచ్చి వాణ్ణి మోసుకుపోయింది. గ్లెనోరా వెళ్లలేదు. హడావుడి సద్దుమణిగాక ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల పెరటి తడిక తీసుకుని లోపలికి వెళ్లింది. హాలిస్ బాదం చెట్టు నీడన కుర్చీలో కూర్చున్నాడు. సగం మనిషయ్యాడు. పాదాలకు ఉప్పునీటి పుళ్లు ఇంకా మానలేదు. పెదవుల మీద చర్మం ఊడి, కొత్తది గులాబీ రంగులో వస్తోంది.

"రా పిల్లా, కూర్చో. నీ బాతు ఎట్టా ఉంది?" అన్నాడు.

గ్లెనోరా కూర్చోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "నేను చూశాను హాలిస్. చూసీ ఆగలేదు. మీ అక్కతో అబద్ధం కూడా చెప్పాను" అంది.

"ఇస్మే చెప్పిందిలే." అతను కుర్చీలో ముందుకు జరిగాడు. "ఒకటి అడగనా? నీ దగ్గర దుర్భిణీ ఉంది కదా. నా మొహం కనబడిందా?"

"కనబడింది."

"నవ్వుతున్నానా?"

"లేదు."

"ఊఁ" అన్నాడు. "నాకు మీరందరూ కనబడ్డారు. తువ్వాళ్లు ఊపుతున్నారు. నీ మీద ఒట్టు, నాకు నవ్వొచ్చింది. ఎవత్తో ముద్దులు కూడా విసిరింది. ఇంత దాహంలో ముద్దులేం చేసుకుంటానే అనుకున్నా." నవ్వబోయి, పెదవి చిట్లి ఆగిపోయాడు. "సరే, పోనీలే. అన్నేళ్లు ఉత్తుత్తినే రెక్కలాడించాను. నిజంగా ఆడిస్తే ఎవరు నమ్ముతారు? తప్పు నాది కూడా."

"నీది కాదు."

"అబ్బా, ఉంచుకోనివ్వవే కొంచెం. అంతా నువ్వే మోస్తావా?"

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఇస్మే గొంతు వచ్చింది. "వాడు పోనీలే అంటాడు. బతికొచ్చాడు గనక అంటాడు. వాడు లేని ఇంట్లో వాడి కంచం కడిగి బోర్లించింది నేను. నేననను."

గ్లెనోరా ఇంటికి వచ్చి చాలాసేపు మెట్ల మీదే కూర్చుంది. హాలిస్ క్షమించడం ఆమెకు ఊరటనివ్వలేదు. ఇస్మే మాటే ఒంటికి సరిపోయినట్టు అనిపించింది.

ఇంకొకరు మిగిలారు. గ్లెనోరా ఫెర్రీ ఎక్కి కింగ్స్‌టౌన్ వెళ్లింది. మిస్ అయాంథి ఇల్లు కొండ వాలులో ఉంది. ఆవిడ మనిషే మారిపోయింది. పూల చొక్కా, కాళ్లకు చెప్పుల్లేవు. గ్లెనోరాను చూడగానే అల్లం పానీయం తెచ్చిపెట్టి, గోడ వైపు చెయ్యి చూపింది. "చూశావా?"

గోడ మీద ఫొటో ఉంది. నర్సులందరూ కమ్మీ దగ్గర గుమిగూడి టోపీలూ తువ్వాళ్లూ ఊపుతున్నారు. మధ్యలో మేట్రన్, చెయ్యి ఆకాశానికెత్తి. వాళ్ల తలల మీదుగా దూరాన గోరంత పచ్చదనం.

"రోజూ పొద్దున్నే దీన్ని చూసి నవ్వుకుంటాను. ఇంత సంతోషం మొహంలో పట్టిందా నాకు అనిపిస్తుంది" అంది మిస్ అయాంథి.

చెప్పకుండా వెళ్లిపోదామా అనిపించింది గ్లెనోరాకు. తలుపు పక్కనే ఉంది. కాని చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా, ఆవిడ అడిగిన ప్రశ్న, తానిచ్చిన జవాబు, రేవు మెట్ల మీద చెప్పిన అబద్ధం.

 మిస్ అయాంథి అంతా విని, లేచి ఫొటో దగ్గరకు వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని ఆ పచ్చ చుక్కను చూసింది.

"వార్డులో కొత్త పిల్లలకి ఒకటే చెప్పేదాన్ని. రోగి నోరు అబద్ధమాడుతుంది, చేతులు ఆడవు అని. ఆ రోజు ఆ చేతులు నేను చూశాను. చూశాను కనకే నిన్నడిగాను. రెండోసారి ఎందుకు అడగలేదు నేను?"

"నేను మిమ్మల్ని మోసం చేశానండీ."

"చేశావు. నా చేత చెయ్యూపించావు." ఆవిడ గొంతు మొదటిసారి కరుకైంది. "చచ్చిపోతున్నవాడికి నా చేత టాటా చెప్పించావు. ఇప్పుడొచ్చి చెప్పి, సగం బరువు నా ఇంట్లో దించి పోతున్నావు. చెప్పకుండా ఉండాల్సింది అననులే. కాని నువ్వు నా కోసం చెప్పావో, నీ కోసం చెప్పావో ఫెర్రీలో కూర్చుని ఆలోచించుకో."

గ్లెనోరా ఆలోచించింది. ఫెర్రీలో తేలలేదు. తర్వాతా తేలలేదు.

ఆ శనివారం మిస్ అయాంథి ఎవరికీ చెప్పకుండా బెక్వే వచ్చింది. పేజెట్ ఫార్మ్ దారి అడుగుతూ వెళ్లి, చేతిసంచిలోంచి దూది, మందు, కట్టుగుడ్డలు తీసి హాలిస్ పాదాలు ముందుకు లాక్కుంది. "నేను ఆ రోజు నీకు చెయ్యూపినదాన్ని" అందట. "ఓహో, ముద్దులు విసిరింది మీరేనా?" అన్నాడట హాలిస్. "కాదు. అది బెరిల్. కదలకు" అందట. పుళ్లు మానేదాకా శనివారం శనివారం వచ్చింది. గోడ మీది ఫొటో తీసేసిందో ఉంచిందో గ్లెనోరా అడగలేదు.

గ్లెనోరా పని మానలేదు. మానితే అదో నాటకమవుతుందనిపించింది. కాని ఇప్పుడు నీళ్ల మీద ఎవరు చెయ్యెత్తినా పడవ అటు తిప్పుతుంది. జాలర్లు ఇది కనిపెట్టి, మొదట్లో ఆట పట్టించారు. పిలిచి, తీరా వస్తే "నిప్పుపెట్టె ఉందా కెప్టెన్?" అనేవారు. ఆమె నిప్పుపెట్టె ఇచ్చి, ఎదురుగాలిలో మళ్లీ దారికెక్కేది. పడవలో ఉన్నవాళ్లు విసుక్కునేవారు. "మేం దుడ్డిచ్చి తీసుకున్న పడవ ఇది" అని ఒకాయన గట్టిగానే అన్నాడు. "ఔనండి" అని పడవ తిప్పింది. కొన్ని బేరాలు పోయాయి. కొన్నాళ్లకు జాలర్లు ఊరికే పిలవడం మానేశారు.

హాలిస్ సముద్రంలోకి పోలేదు. జనం పడవ ఇస్తామన్నారు, కూడబెట్టి కొత్తది కట్టిస్తామన్నారు. వద్దన్నాడు. ఇసుక దాటి నీళ్లు చీలమండకు తగిలితే చాలు, వాడి మొహం బూడిదవుతుంది. పెరట్లో కూర్చుని ఇతరుల కోసం తీగ బుట్టలు అల్లుతాడు. గ్లెనోరా ఆదివారం గుడి అయ్యాక వెళ్లి తీగ వంచి ఇస్తుంది. వాతావరణం, చేపల ధర, ఎవరి కూతురు ఎవరితో లేచిపోయింది, అన్నీ మాట్లాడుకుంటారు. ఇస్మే అటూ ఇటూ తిరుగుతుందిగాని గ్లెనోరాతో మాట్లాడదు.

ఏడాది గడిచాక ఒక ఆదివారం హాలిస్ అల్లుతున్న బుట్ట పక్కన పెట్టి, "గ్లెనోరా, నన్నొకసారి తీసుకెళ్తావా? చేపలకి కాదు. ఊరికే కూర్చుంటా" అన్నాడు.

గ్లెనోరా వంటింటి వైపు చూసింది.

"వాడు వస్తే నేనూ వస్తాను" అంది ఇస్మే లోపలి నుంచి. "నిన్ను నమ్మి కాదు."

ఆ వారం గ్రేషియస్ మీద విహారులెవరూ లేరు. గాలి తక్కువగా ఉన్న పొద్దు చూసి బయల్దేరారు. ఆస్బర్ట్ ఏదో జోకు వెయ్యబోయి, వాళ్ల మొహాలు చూసి ఊరుకున్నాడు. హాలిస్ వేదిక మధ్యలో, కొయ్యకు వీపు ఆనించి, రెండు చేతులతో నేల పట్టుకుని కూర్చున్నాడు. ఇస్మే అతని పక్కన. అఖాతం దాటి, భూమి మొన దగ్గర పెద్ద అల మొదటిది పడవ కిందికి రాగానే, "చాలు" అన్నాడు. గొంతు వినపడీ వినపడనట్టుంది. గ్లెనోరా అప్పటికే పడవను ఒడ్డుకు మళ్లించింది.

 రేవులో దిగేటప్పుడు గ్లెనోరా చెయ్యి అందించింది. ఇస్మే ఆ చెయ్యి చూసి, ఆస్బర్ట్ చెయ్యి పట్టుకుని దిగింది.

హాలిస్ రాతి మెట్టు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, ఊపిరి సరిచేసుకున్నాడు.

"ఇంకోసారి చూద్దామా?" అన్నాడు ఎవరితోనో తెలియకుండా.

"ముందు అన్నం తిను" అంది ఇస్మే.